ఫ్యాక్టోరియో 2.0 వచ్చాక పాత సేవ్ కొనసాగించాలా, కొత్తగా మొదలుపెట్టాలా?

మీ ప్రశ్నలో మూడు సంగతులున్నాయి. ఫ్యాక్టరీలు కట్టే ఈ కంప్యూటర్ ఆటని పాత వెర్షన్ 1.1లో 200 గంటలు ఆడి కట్టిన బేస్‌ని 2.0 అప్‌డేట్‌లో కొనసాగించవచ్చా, కొత్త గ్రహాలు కలిపే స్పేస్ ఏజ్ అనే అదనపు భాగం కొంటే ముందు ఏ గ్రహానికి వెళ్లాలి, అందరూ భయపెడుతున్న గ్లీబా గ్రహం నిజంగా అంత కష్టమా. విజయవాడలో ఇంజనీరింగ్ మూడో సంవత్సరం చదువుతున్నాననీ, ఆ బేస్ వదలడానికి మనసు రావడం లేదనీ రాశారు. ఆ చివరి మాట చూసే ఇంత పొడుగు జవాబు రాస్తున్నాను.

కొత్తగా మొదలుపెట్టండి. పాత సేవ్ మాత్రం చెరపకండి, కాపీ తీసి పక్కన పెట్టండి. 2.0లో ఒకసారి తెరిచి సేవ్ చేస్తే అది మళ్లీ 1.1లో తెరుచుకోదు, కాబట్టి కాపీ ముందే తీయాలి.

నాదీ ఇదే పరిస్థితి. 2020 ఆగస్టు 14న 1.0 వచ్చేనాటికి కాలేజీలు మూసి ఉన్నాయి. గుంటూరులో నేను పట్టాభిపురంలో, మా బాబాయి కొడుకు బ్రాడీపేటలో. ఇద్దరం రాత్రిళ్లు మల్టీప్లేయర్‌లో కూర్చుని ఒక్కో బెల్ట్ వేసుకుంటూ కట్టాం. మూడు రాగి తీగ మెషీన్లకి రెండు గ్రీన్ సర్క్యూట్ మెషీన్లు అన్న లెక్కని వాడు గోడ మీద పెన్సిల్‌తో రాసుకుంటే పిన్ని తిట్టింది. తర్వాత వాడికి పుణెలో ఉద్యోగం వచ్చింది, బేస్ నా దగ్గర ఉండిపోయింది. 2024 అక్టోబర్ 21న 2.0, స్పేస్ ఏజ్ రెండూ ఒకేరోజు విడుదలయ్యాయి. నేను చేసిన మొదటి పని ఆ సేవ్ తెరవడం.

తెరుచుకుంది. ఒక్క 2.0 వరకే అయితే పెద్ద ఇబ్బందేమీ లేదు. ఆట కొన్నవాళ్లందరికీ అది ఉచితం, అందులో వచ్చిన మార్పులు తక్కువవి కావు. పైపుల సంగతే చూడండి. ఇదివరకు పైపు పొడవు పెరిగేకొద్దీ నూనె రావడం సన్నగిల్లేది, ఎక్కడ పంపు పెట్టాలో తెలియక తల పట్టుకునేవాళ్లం. ఇప్పుడు కలిపిన పైపులన్నీ ఒకే ట్యాంకులా పనిచేస్తాయి, మరీ దూరం పోతేనే పంపు కావాలి. సరుకుని బెల్ట్ నుంచి మెషీన్‌కి అందించే చేతులే ఇన్సర్టర్లు. వాటిలో ఫిల్టర్ ఇన్సర్టర్ అని ఇప్పుడు విడిగా లేదు, ఇన్సర్టర్లన్నిటికీ ఫిల్టర్ పెట్టుకోవచ్చు. ఒక్క పేరు దగ్గర మాత్రం తికమక పడతారు: మీకు తెలిసిన పాత స్టాక్ ఇన్సర్టర్ పేరు ఇప్పుడు బల్క్ ఇన్సర్టర్. స్పేస్ ఏజ్‌లో స్టాక్ ఇన్సర్టర్ అంటే వేరే వస్తువు, అది బెల్ట్ మీద సరుకుని నాలుగేసి వరసలుగా పేరుస్తుంది.

రైళ్లు నాకు చాలా ఇష్టం కాబట్టి ఇంకో మాట. ఇంధనం తగ్గితే ముందు ఫలానా స్టేషన్‌కి వెళ్లిరా అని బండికి మధ్యలో చెప్పే ఏర్పాటు వచ్చింది. వంతెనల మీద వెళ్లే పట్టాలు కూడా వచ్చాయి, అవి మాత్రం స్పేస్ ఏజ్‌తో వస్తాయి. గుంటూరు నుంచి విజయవాడ బండెక్కినవాళ్లందరికీ కృష్ణా కెనాల్ దగ్గర అవుటర్‌లో ఆగిపోవడం అనుభవమే. ముందు లైన్ ఖాళీ లేకపోతే జంక్షన్ లోపలికి రానివ్వరు. ఆటలో చైన్ సిగ్నల్ చేసే పని అదే. నాలుగు లైన్లు కలిసే చోట ఒక లైన్‌ని పైనుంచి తీసుకెళ్తే ఆ ఆగడమే ఉండదు. మా పాత బేస్‌లో రోజూ ఇరుక్కుపోయే ఒక కూడలి రెండు వంతెనలతో తీరిపోయింది, చాలా సంతోషం వేసింది.

కష్టం అంతా ఆ పాత సేవ్‌లో స్పేస్ ఏజ్ పూర్తిగా ఆన్ చేశాక మొదలైంది. 1.1లో ఒక రాకెట్‌కి కంట్రోల్ యూనిట్లు, తక్కువ బరువు స్ట్రక్చర్లు, రాకెట్ ఇంధనం ఒక్కోటి 1000 కావాలి. ఆ కంట్రోల్ యూనిట్ల లైన్ కట్టడానికి మాకు నాలుగు రాత్రులు పట్టింది. 2.0లో ఆ వస్తువే లేదు, లైన్ మొత్తం ఊరికే నిలబడిపోయింది. స్పేస్ ఏజ్‌లో రాకెట్‌కి ప్రాసెసింగ్ యూనిట్లు, స్ట్రక్చర్లు, ఇంధనం తలా 50 చాలు, అదీ బ్లూ సైన్స్ (పరిశోధనకి వాడే నీలం ప్యాక్) దాటగానే ప్రయోగించవచ్చు. అంటే మనం అంత పెద్దగా కట్టిన బేస్ అవసరమే లేకుండా ఆటని మళ్లీ అల్లారు. ఫిరంగులకి వల్కేనస్ గ్రహం టంగ్‌స్టన్ కావాలి, కొండ అంచులు పేల్చే మందుకి కాల్సైట్ కావాలి, ప్రొడక్టివిటీ మాడ్యూల్ 3కి బైటర్ అనే శత్రు పురుగు గుడ్డు కావాలి. పాత సేవ్‌లో ఇవన్నీ పరిశోధన అయిపోయినట్టే కనిపిస్తాయి కానీ తయారు చేసుకోలేం. ఏది ఎందుకు ఆగిందో వెతుక్కోవడంతోనే నాకు 15 గంటలు గడిచిపోయాయి. కొత్త గ్రహం గెలిచి ఒక వస్తువు సంపాదించుకోవడంలో ఉండే ఆనందం అక్కడ దొరకలేదు.

మీకు పాత బేస్ అంటే అంత ప్రేమ ఉంటే మధ్యేమార్గం ఒకటుంది. స్పేస్ ఏజ్ కొంటే మూడు భాగాలుగా వస్తుంది: స్పేస్ ఏజ్, క్వాలిటీ, వంతెన పట్టాలు. పాత సేవ్‌కి వంతెన పట్టాలు మాత్రమే ఆన్ చేసుకుని కాపలా కాసుకోండి, గ్రహాలన్నీ కొత్త ఆటలో చూడండి. నేను చివరికి చేసింది అదే.

ఇక కొత్త ఆట. మొదటి గ్రహం నావిస్ మీద పెద్ద బేస్ కట్టాలన్న ఆశ ఆపుకోండి. రోబోలు, రాడార్లు, చుట్టూ గోడ, టరెట్లు, వాటికి తూటాలు తమంతట తాము అందే ఏర్పాటు. ఇవి ఉంటే బయల్దేరవచ్చు. వేరే గ్రహం మీద నిలబడి ఇక్కడి బేస్‌ని మ్యాప్‌లోంచే కట్టుకోవచ్చు, రోబోలు చూసుకుంటాయి. రాకెట్ ఎక్కేటప్పుడు జేబులో సామాను రానివ్వరు, కావలసినవి విడిగా పంపుకోవాలి. గ్రహాల మధ్య తిరిగే నా మొదటి ఓడకి టరెట్లు పెట్టాను కానీ దారిలో తూటాలు తయారు చేసుకునే మెషీన్ పెట్టలేదు. సగం దూరంలో తూటాలు అయిపోయి, గ్రహశకలాలు కొట్టి ఓడ ముక్కలైంది. ఆ శకలాల్లోనే ఇనుము దొరుకుతుంది, దాంతోనే తూటాలు చేసుకోవాలి.

ముందు వల్కేనస్ వెళ్లమంటాను. ఎండ నావిస్ కన్నా నాలుగు రెట్లు, సోలార్ పెడితే కరెంటు టెన్షన్ ఉండదు. లావా నుంచి ఇనుము, రాగి వస్తాయి కాబట్టి గని తరిగిపోవడమనే బాధ లేదు. అక్కడి ఫౌండ్రీ అదే ముడిసరుకుకి 50 శాతం అదనంగా ఇస్తుంది, దాన్ని తెచ్చి నావిస్‌లో పెట్టుకున్నా లాభమే. టంగ్‌స్టన్ కోసం ఒక పెద్ద పురుగుని చంపాలి, తొందరపడకుండా టరెట్లు బాగా గుంపుగా పెట్టుకోండి. రెండోది ఫల్గోరా. రాత్రంతా పిడుగులు, వాటినే పట్టుకుని కరెంటు చేసుకోవాలి. తుక్కు తవ్వి రీసైక్లర్‌లో వేస్తే 12 రకాల వస్తువులు వస్తాయి, మనకి కావలసిన హోల్మియం ఖనిజం వచ్చే అవకాశం ఒక్క శాతమే. మిగతా పదకొండిట్లో ఏది నిండిపోయినా లైన్ ఆగిపోతుంది, కాబట్టి ఎక్కువైనదాన్ని మళ్లీ రీసైక్లర్‌లోనే వేసి నలగ్గొట్టేయాలి. అక్విలో గ్రహం ఎలాగూ ఆఖరిదే, మిగతా మూడు గ్రహాల సైన్స్ లేకుండా అక్కడికి వెళ్లలేరు.

గ్లీబా దగ్గర నేను దాదాపు ఆట మానేశాను. అక్కడ అన్నీ కుళ్లిపోతాయి. యుమాకో పండు గంటలో కుళ్లిపోతుంది, మెషీన్లకి మేతగా వేసే పోషకం 5 నిమిషాల్లో పోతుంది. నావిస్ అలవాటు ప్రకారం నేను ప్రతిదానికీ పెట్టెలు పెట్టి నింపాను. పొద్దున చూస్తే పెట్టెలన్నీ కుళ్లు, బెల్ట్ మొత్తం కుళ్లు, మేత లేక బయోచాంబర్లు (పోషకంతో నడిచే ఆ మెషీన్లు) ఆగిపోయాయి, నాటడానికి విత్తనాలు కూడా లేవు. మూడుసార్లు అలాగే అయింది.

మా నాన్నగారు మిర్చి యార్డులో కమీషన్ కొట్టు నడుపుతారు. మార్చిలో సీజన్ మంచి ఊపు మీద ఉన్నప్పుడు, ఓ రాత్రి భోజనానికి పిలవడానికి నా గదిలోకి వచ్చి స్క్రీన్ చూశారు. ఇదేంటని అడిగితే చెప్పాను.

"సరుకంతా అలా మగ్గబెట్టావేంట్రా? ఏసీ ఉందా అక్కడ?"

"లేదు నాన్నా. ఈ ఆటలో ఏసీ అనేదే లేదు."

"ఏసీ లేనప్పుడు పొద్దున దిగిన సరుకు సాయంత్రానికి వెళ్లిపోవాలి. వెళ్లనిదాన్ని ఏం చేస్తావో దింపకముందే అనుకోవాలి."

మా గుంటూరులో ఏసీ అంటే కోల్డ్ స్టోరేజీ. రాత్రంతా లారీలు టిక్కీలు (మిర్చి బస్తాలు) దింపుతాయి, పొద్దున్నే బేరాలు, తర్వాత కాటా, చీకటి పడేలోగా యార్డు ఖాళీ కావాలి. రేటు నచ్చని రైతు ఏసీలో పెట్టుకుంటాడు. ఆ వసతి లేకపోతే రంగు తగ్గి, తేమ పట్టి, తేజ రకమైనా తాలు కాయ రేటుకి పోతుంది. చిన్నప్పటి నుంచి చూస్తున్నదే. ఆటలో అది నాకు తట్టలేదు.

ఆ రాత్రి పెట్టెలన్నీ పీకేశాను. గ్లీబాలో బెల్ట్ ఎప్పుడూ ఆగకూడదు. వాడగా మిగిలింది బెల్ట్ చివరికి చేరాలి, అక్కడ కుళ్లినదాన్ని హీటింగ్ టవర్‌లో కాల్చేయాలి, ఆ వేడితో కరెంటు కూడా వస్తుంది. ప్రతి బయోచాంబర్ పక్కనా కుళ్లు తీసేసే ఇన్సర్టర్ ఒకటి ఉండాలి. పండు మాత్రం పండుగా కుళ్లకూడదు. దాన్ని గుజ్జు చేసినప్పుడే విత్తనం వస్తుంది, అదీ 2 శాతం. ఒక చెట్టుకి 50 పళ్లు కాస్తాయి కాబట్టి అన్నీ గుజ్జు చేస్తే లెక్క ప్రకారం చెట్టుకో విత్తనం తిరిగొస్తుంది, బయోచాంబర్‌లో చేస్తే సగం ఎక్కువే వస్తుంది. నేను పళ్లు పెట్టెల్లో దాచి కుళ్లబెట్టినప్పుడల్లా విత్తనాన్నే పోగొట్టుకున్నాను. గుజ్జు అయ్యాక కుళ్లినా ఫర్వాలేదు.

మొత్తం ఆగిపోయినా మళ్లీ లేవడానికి ఒక దారి కట్టుకోండి. కుళ్లు పది వేస్తే ఒక పోషకం వస్తుంది, ఆ పని మామూలు అసెంబ్లీ మెషీన్ కూడా చేస్తుంది, దానికి మేత అక్కర్లేదు. అలాంటిది ఒకటి మూల పెట్టాక నా బేస్ మళ్లీ చావలేదు. పెంటాపాడ్ అనే అక్కడి శత్రు జీవుల గుడ్ల దగ్గర చాలా జాగ్రత్త. 15 నిమిషాలు దాటితే అవి పొదిగి లోపలి నుంచే దాడి చేస్తాయి. సైన్స్ ప్యాక్‌కి కావలసినన్నే పెంచండి, మిగిలినవి వెంటనే టవర్‌లో వేయండి, చుట్టూ టరెట్లు లోపలి వైపుకి కూడా పెట్టండి.

గ్లీబా సైన్స్ ప్యాక్ కూడా గంటలో పోతుంది. సగం తాజాదనం మిగిలినది సగం పరిశోధనే ఇస్తుంది. తాజా సరుకుతో చేస్తే ప్యాక్ తాజాగా పుడుతుంది, పాత సరుకుతో చేస్తే పుట్టుకతోనే సగం వయసుతో ఉంటుంది. కాబట్టి పొలానికి దగ్గర్లోనే ప్యాక్ తయారు చేయండి, ఓడని కక్ష్యలో సిద్ధంగా ఉంచండి, నావిస్‌లో ల్యాబులు దింపే చోటు పక్కనే పెట్టండి. ఈ మూడూ సరిచేసుకున్నాక గ్లీబా నాకు ఈ ఆటలోనే బాగా నచ్చిన చోటు అయింది. అందుకే అది కష్టమని మిమ్మల్ని వద్దనను. మూడో గ్రహంగా పెట్టుకోండి చాలు.

డబ్బు గురించి: తయారుచేసిన వూబే సంస్థ ఈ ఆటకి డిస్కౌంట్ ఇవ్వదు, దీపావళి సేల్ కోసం ఆగి లాభం లేదు. మీ లాప్‌టాప్ 8 జీబీ ర్యామ్ అన్నారు, నాదీ అంతే, నాలుగు గ్రహాల దాకా ఇబ్బంది రాలేదు. పరీక్షలు దగ్గర పడ్డాయన్నారు, అవి రాసేదాకా మొదలుపెట్టకండి. ఈ ఆట ఒక గంట ఆడి లేచే ఆట కాదని 200 గంటలు ఆడిన మీకు నేను చెప్పక్కర్లేదు.

పాత సేవ్‌ని మీరు ఉంచుకున్నట్టే ఉంచుకోవచ్చు. స్టీమ్‌లో ఆట ప్రాపర్టీస్‌లోకి వెళ్లి బీటాస్ దగ్గర 1.1 ఎంచుకుంటే ఆట పాత వెర్షన్‌కి మారుతుంది. సంక్రాంతికి మా తమ్ముడు పుణె నుంచి వచ్చినప్పుడు అలాగే మార్చి, ముందే తీసిపెట్టిన కాపీ తెరిచాం. వాడు ముందుగా చూసింది ఆ కంట్రోల్ యూనిట్ల లైన్, అది ఇంకా నడుస్తోందా లేదా అని. నడుస్తోంది.