మగ్గం ఆర్డర్లు సరే, ముందు మణికట్టు సంగతి చూసుకో

చిట్టీ,

శ్రావణమాసానికి మగ్గం వర్క్ జాకెట్లు ఒప్పుకున్నావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. మురిసిపోయాను, అబద్ధమెందుకు. ఆ వెంటనే, రాత్రుళ్లు కుడిచెయ్యి తిమ్మిరెక్కి లేచి కూర్చుంటున్నావనీ, డాక్టరెందుకు, ఐసూ వేడినీళ్లూ పెట్టుకుంటే చాలంటున్నావనీ చెప్పేసరికి నా నిద్ర కాస్తా పోయింది.

తిమ్మిరి బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు, ఉంగరపువేలిలో సగం వరకే ఉండి చిటికెనవేలు బాగుంటే అది కార్పల్ టన్నెలే అయ్యుండొచ్చు. మణికట్టు దగ్గర ఇరుకు సందులోంచి వేళ్లని ఆడించే స్నాయువులు 9, వాటితోపాటు ఒక నరం వెళ్తాయి. అక్కడ కాస్త వాచినా నలిగేది ఆ నరమే.

పని దించాక మణికట్టు వాచినట్టుంటే ఐసు ముక్కలు పల్చటి తువ్వాల్లో చుట్టి 10, 15 నిమిషాలు పెట్టుకో, ఒంటికి నేరుగా తగలనివ్వకు. పొద్దున్నే బిగుసుకుపోయి ఉంటే గోరువెచ్చటి నీళ్లు. వాపుంటే వేడి జోలికి పోవద్దు.

వేడంటే నాకెందుకింత భయమో నీకు తెలీదు, అప్పటికి నువ్వు పుట్టలేదు. మీ అమ్మమ్మకి షుగరు, దానికి తోడు ఈ తిమ్మిర్లు. ఒకరాత్రి మీ మావయ్య పెనం మీద ఉప్పు వేయించి మూట కట్టి చేతిలో పెడితే, "ఏం వేడిరా ఇది, ఇంకాస్త కాచు" అని విసుక్కుంది. వాడు మళ్లీ కాచాడు. ఆవిడ దాన్ని గుప్పిట్లో గట్టిగా పట్టుకుని హాయిగా ఉందంటూ అలాగే నిద్రపోయింది. మొద్దుబారిన వేళ్లకి కాలుతున్న సంగతి ఏం తెలుస్తుంది? తెల్లారి చూస్తే చూపుడువేలూ మధ్యవేలూ పొడుగునా నీటిబొబ్బలు. షుగరు ఒళ్లు కదా, పుండు ఒక పట్టాన మానలేదు, అన్నం కూడా మేమే కలిపి తినిపించాం. అందుకే చెప్తున్నా, నీళ్లు ఎంత వేడిగా ఉన్నాయో ఎడమ మోచేత్తో చూసుకో, తిమ్మిరెక్కిన కుడిచేత్తో మాత్రం చూడకు. ఏ కాపడమైనా సరే, పెట్టుకుని నిద్రపోయావో, నేనే వచ్చి వీపు విమానం మోత మోగిస్తాను.

అయినా ఈ ఐసూ కాపడమూ ఆ పూట ఉపశమనానికేనే తల్లీ. వీటికన్నా రాత్రిపూట పట్టీ మేలు. నిద్రలో మణికట్టు ముడుచుకుంటే నరం మీద ఒత్తిడి ఎక్కువవుతుంది, అందుకే అర్ధరాత్రి లేచి చెయ్యి విదిలించుకుంటున్నావు. మణికట్టుని తిన్నగా ఉంచే పట్టీ మందుల షాపులో అడుగు, మరీ బిగించకు. మగ్గం ఎత్తు సరిచేసుకో, సూది పట్టిన చెయ్యి వంకర తిరక్కుండా కూర్చో, మధ్యమధ్యలో లేస్తుండు.

రోజూ రెండు అరచేతులూ పక్కపక్కన పెట్టి బొటనవేళ్ల కింద కండ చూసుకో. కుడివైపు పల్చబడినా, చేతిలో గ్లాసు జారుతున్నా, తిమ్మిరి పగలు కూడా వదలకపోయినా ఇంటి వైద్యం ఆపేసి డాక్టర్ దగ్గరికి వెళ్లు. నరం ఎంత దెబ్బతిందో పరీక్ష చేసి చెప్తారు. షుగరూ థైరాయిడూ కూడా చూపించుకో, మనింట్లో ఉన్నవే కదా. కడుపుతో ఉన్నా ఇలాంటి తిమ్మిర్లొస్తాయి, ఆ సంగతేమైనా ఉంటే మీ అమ్మకన్నా ముందు నాకు చెప్పాలి, ఆఁ!

ఆసుపత్రికి వెళ్లే రోజు ఒక్క ఫోన్ కొట్టు, నేనూ వస్తాను. మీ ఆయనకి సెలవు దొరకదని తెలుసులే.

మీ పెద్దమ్మ