ఎగ్జిమాకు ఖరీదైన సూది: కిడ్నీల భయం వద్దు, ముందు రెండు పరీక్షలు చేయించండి

ప్రశ్న: నా వయసు 36. రైస్‌మిల్లులో గుమాస్తాను. చిన్నప్పటి నుంచి మోచేతి, మోకాలి మడతల్లో ఎగ్జిమా ఉంది. నాలుగేళ్లుగా మెడకు, కనురెప్పలకు, తొడలకు పాకింది. వానలు పడ్డాక మరీ ఎక్కువవుతోంది. రాత్రి గోకితే దుప్పటికి రక్తం అంటుతోంది. మందుల షాపులో ఇచ్చిన ట్యూబు రాస్తున్నాను. తట్టుకోలేనప్పుడు ఆర్‌ఎంపీ సూది వేస్తే నెల రోజులు హాయిగా ఉంటుంది. హైదరాబాద్‌లో స్కిన్ డాక్టర్ ‘డుపిలుమాబ్’ అనే బయోలాజికల్ (జీవకణాల్లో తయారుచేసే మందు) ఇంజెక్షన్ రెండు వారాలకోసారి తీసుకోమన్నారు. దాంతో కిడ్నీలు పోతాయని చుట్టాలు భయపెడుతున్నారు. ఇదంతా మా బోరు నీళ్లల్లోని ఫ్లోరైడ్ వల్లేనని కూడా అంటున్నారు. ఏం చేయమంటారు?
– ఓ పాఠకుడు, మిర్యాలగూడ

జవాబు: డుపిలుమాబ్‌తో కిడ్నీలు పోవు. ఎగ్జిమాకు వాడే మందుల్లో కిడ్నీలను, బీపీని తరచూ చూసుకోవాల్సింది సైక్లోస్పోరిన్‌తో. మీ చుట్టాలు విన్నది దాని గురించే కావచ్చు.

ఎగ్జిమా ఉన్నవారి ఒంట్లో ఇంటర్‌ల్యూకిన్-4, 13 అనే పదార్థాలు అతిగా పనిచేస్తాయి. దురద, వాపు, చర్మం పొడిబారి పగలడం వాటి చలవే. డుపిలుమాబ్ ఈ రెండింటినీ కణాల దగ్గరే అడ్డుకుంటుంది, స్టెరాయిడ్‌లా రోగనిరోధక శక్తి మొత్తాన్నీ అణచదు. అమెరికాలో పెద్దలకు 2017లో, ఆరు నెలలు నిండిన పిల్లలకు 2022లో అనుమతి వచ్చింది. 2016లో వెలువడిన రెండు పెద్ద అధ్యయనాల్లో, 16 వారాలకు నూటికి 36 నుంచి 38 మందికి చర్మం పూర్తిగానో దాదాపుగానో శుభ్రపడింది. మందు లేని సూది వేసుకున్నవారిలో అలా బాగుపడింది 8 నుంచి 10 మందే. మిగతావారిలోనూ చాలామందికి దురద తగ్గి నిద్ర పట్టింది. కానీ ఇది జబ్బును వేళ్లతో పెకలించే మందు కాదు. ఆపేస్తే చాలామందికి తిరగబెడుతుంది. కాబట్టి నెలకు ఎంతవుతుందో, ఎన్నాళ్లు వాడాలో డాక్టర్‌ను ముందే అడగండి.

మీ ఉత్తరం చదివాక నాకు రెండు అనుమానాలు వచ్చాయి. అవి తేలేదాకా మొదటి సూదికి డబ్బు కట్టొద్దు.

ఒకటి, మీ తొడల మీది మచ్చలు. ఇంట్లో ఉన్న ట్యూబు తీసి పేర్లు చదవండి. క్లోబెటసాల్ లాంటి ఘాటు స్టెరాయిడ్, ఫంగస్ మందు, యాంటీబయాటిక్ మూడూ కలిపి ఉంటే, మీ తొడల మీద ఉన్నది ఫంగస్ తామర కావచ్చు. స్టెరాయిడ్ రాస్తే దురద తగ్గి, గుండ్రటి అంచు చెరిగి, చూసేవారికి ఎగ్జిమాలాగే కనబడుతుంది. లోపల ఫంగస్ పాకుతూనే ఉంటుంది. మచ్చ అంచున కాస్త పొట్టు గీకి మైక్రోస్కోప్ కింద చూస్తే అక్కడికక్కడే తెలుస్తుంది, ఖర్చు కూడా పెద్దగా ఉండదు.

రెండోది వయ్యారిభామ. వానలు పడ్డాక మీ ప్రాంతంలో రోడ్ల పక్కన, చేలగట్ల మీద, మిల్లు ప్రహరీ వెంట తెల్లటి పూలతో నిండే మొక్క అదే. దాని పుప్పొడి, ఎండిన ఆకుల పొడి గాలిలో వచ్చి కనురెప్పల మీద, మెడ మీద, మోచేతి మడతల్లో పడి అలర్జీ తెస్తాయి. చిన్ననాటి ఎగ్జిమా ఉన్నవారికి ఇది తోడైతే డాక్టర్లు కూడా పొరబడతారు. అలర్జీ తెచ్చే పదార్థాలను వీపు మీద పట్టీలతో అంటించి చూసే ప్యాచ్ టెస్టులో బయటపడుతుంది. మొక్క పక్కనే ఉంటే ఎంత ఖరీదైన మందు వేసుకున్నా ఆశించినంత ఫలితం రాకపోవచ్చు.

ప్యాచ్ టెస్టు సరిగ్గా రావాలంటే ఆర్‌ఎంపీ సూది ప్రభావం దిగిపోవాలి. నెల రోజులు హాయిగా ఉంచుతోందంటే అది దాదాపుగా స్టెరాయిడే. మీ ఉత్తరంలో నన్ను అన్నిటికన్నా కలవరపెట్టింది ఆ సూదే. పదేపదే వేయించుకుంటే షుగర్, బీపీ పెరుగుతాయి, ఎముకలు గుల్లబారతాయి, చిన్న వయసులోనే కంట్లో శుక్లం వస్తుంది. దాని ప్రభావం తగ్గగానే జబ్బు రెట్టింపు కోపంతో లేస్తుంది. దయచేసి ఇక వేయించుకోకండి. ఇన్నాళ్లుగా వాడుతున్నారని స్కిన్ డాక్టర్‌కు దాచకుండా చెప్పండి.

ఎగ్జిమాయే అని తేలి, డుపిలుమాబ్ ఖర్చు భరించలేకపోతే కుంగిపోకండి. వారానికి ఒక్కరోజే వేసుకునే మెథోట్రెక్సేట్, కొన్ని నెలల పాటు సైక్లోస్పోరిన్ ఉన్నాయి. రక్తపరీక్షలు చేయించుకుంటూ జాగ్రత్తగా వాడితే చాలామందికి పనిచేస్తాయి. వాపు, దురద తెచ్చే సంకేతాలను కణాల లోపల అడ్డుకునే ‘జాక్ ఇన్హిబిటర్’ మాత్రలు కూడా వచ్చాయి. అవి బయోలాజికల్స్ కావు, మొదలుపెట్టే ముందు టీబీ పరీక్ష తప్పనిసరి.

సూదికే వెళ్తే, మొదటి రోజు 300 మిల్లీగ్రాములవి రెండు, తర్వాత రెండు వారాలకొకటి. తొడకో పొట్టకో చర్మం కింద ఇస్తారు. మందును ఫ్రిజ్‌లో 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి, గడ్డకట్టనివ్వొద్దు. హైదరాబాద్ నుంచి తెచ్చేటప్పుడు ఐస్ బాక్సులో పెట్టండి, సిరంజికి ఐస్ నేరుగా తగలకూడదు. బయట ఉంచాల్సివస్తే 25 డిగ్రీల లోపే, అదీ 14 రోజులకు మించకుండా. మీ వేసవికి ఆ లెక్క కుదరదు. వేసుకునే ముందు 45 నిమిషాలు బయట పెడితే నొప్పి తక్కువ. పొట్టలో నులిపురుగులుంటే ముందే మందు వాడాలి. కళ్లు ఎర్రబడి మంట పుట్టడం దీంతో తరచూ కనబడేదే. మీకు రెప్పల మీద ఇప్పటికే ఉంది కాబట్టి ఆ లక్షణం కనిపిస్తే కంటి డాక్టర్‌ను కలవండి, సూది మీరే ఆపేయకండి.

ఇక బోరు నీళ్లు. ఫ్లోరైడ్ పళ్లను, ఎముకలను దెబ్బతీస్తుంది, ఎగ్జిమాను తేదు. మీ నీటి కాఠిన్యం చర్మాన్ని కొంత పొడిబార్చవచ్చు. అలాగని నీటిని మెత్తబరిచే మిషన్ కొనకండి. బ్రిటన్‌లో ఎగ్జిమా ఉన్న పిల్లల ఇళ్లలో అవి బిగించి చూస్తే అదనపు మేలు కనబడలేదని 2011లో ప్రచురించారు. ఆ డబ్బుతో మాయిశ్చరైజర్ కొనుక్కోండి. స్నానమయ్యాక ఒంటి తడి పూర్తిగా ఆరకముందే రాయాలి. ఒళ్లంతా పొడిగా ఉన్న పెద్దవారికి వారానికి పావు కిలో నుంచి అర కిలో దాకా పడుతుంది.