‘వరకు’లో చివరి సంఖ్య కలుస్తుందా?

సందేహం: మా అబ్బాయి ఒడియా బడిలో చదువుతున్నాడు. ఇంట్లో లెక్కలు తెలుగులో నేనే చెబుతాను. ‘25 నుంచి 75 వరకు పూర్ణసంఖ్యలు ఎన్ని?’ అని అడిగితే వాడు 50 అన్నాడు. నేను 51 అన్నాను, మా ఆడపడుచు 49 అంది. ‘వరకు’ అంటే 75 కలిసినట్టా, కలవనట్టా?
– ఒక పాఠకురాలు, పర్లాకిమిడి

సమాధానం: అమ్మా, గిడుగు రామమూర్తి పంతులుగారు పాఠాలు చెప్పిన ఊరి నుంచి ఈ ప్రశ్న రావడం నాకు సంతోషం. ‘నుంచి’తో పేచీ లేదు. ‘నుండి’లో ‘ఉండి’ ఉంది. 25లో ఉండి బయలుదేరినవాడు 25ను కలుపుకొనే బయలుదేరతాడు. మీ ఆడపడుచు చెప్పిన 49 ‘25, 75ల మధ్య’ అనే ప్రశ్నకు జవాబు. నౌపడా, గుణుపురం మధ్య స్టేషన్లు చెప్పమంటే మీ ఊరు వస్తుంది గానీ ఆ రెండూ రావు కదా.

తగాదా అంతా ‘వరకు’తోనే. తమిళంలో ‘వరై’ అంటే గీత, హద్దు, కన్నడంలో ‘వరెగె’. మన మాటకు ‘హద్దుకు’ అని అర్థం. హద్దు మీద కాలు పెట్టామా, ఇవతలే ఆగామా అన్నది ఆ మాట చెప్పదు. 1936 ఏప్రిల్ 1 వరకు పర్లాకిమిడి మద్రాసు ప్రెసిడెన్సీలో ఉందంటాం. ఆ రోజునే ఒడిశా ఏర్పడి మీ ఊరు అటు చేరింది. అంటే ఇక్కడి ‘వరకు’ మార్చి 31తోనే ఆగింది.

అందుకే నాకు ‘దాకా’ అంటే ప్రాణం. పాత రాతలో అది ‘దాఁక’. ‘తాఁకు’ క్రియలోనూ అదే అరసున్న. వ్యావహారికం విషయంలో నేను గిడుగువారి పక్షమే. అయినా అరసున్నతో పాటు ఈ చుట్టరికపు గుర్తునూ పారేసుకున్నామే అని మనసు కలుక్కుమంటుంది. ‘గుమ్మం దాకా వచ్చాడు’ అంటే లోపలికి రాకపోయినా గుమ్మాన్ని తాకాడనే. రైలు గుణుపురం దాకా వెళ్తుందంటే గుణుపురంలో దిగవచ్చు. మీ అబ్బాయి పుస్తకంలోని ‘పర్యంత’ కూడా ఇలాంటిదే. నఖశిఖపర్యంతం అంటే శిఖను వదలం.

‘75లోపు’ అంటే 75 చేరదని నా అభిప్రాయం. కానీ ‘15వ తేదీలోపు’ అని ప్రకటించి 15న కూడా దరఖాస్తులు తీసుకునేవారున్నారు, గట్టిగా అనలేను.

గట్టిగా అనగలిగింది మరొకటి ఉంది. ‘18 నుంచి 40 ఏళ్ల మధ్య’ అని పత్రికలు రోజూ రాస్తున్నాయి. ఇదేం వాక్యం? ‘నుంచి’ అన్నాక ‘దాకా’ రావాలి, లేదా ‘వరకు’ రావాలి. ‘మధ్య’ కావాలంటే ‘18, 40 ఏళ్ల మధ్య’ అనాలి. రెండింటినీ అతికిస్తే కొసలు లోపలున్నాయో బయటున్నాయో రాసినవారికే తెలియదు.

లెక్కల పుస్తకాలు ‘వరకు’లో చివరి సంఖ్యను కలుపుతున్నాయి కనుక మీ 51 వైపే మొగ్గుతాను. మీ అబ్బాయి 75లోంచి 25 తీసేసి 50 అని ఉంటే పొరపాటు. అది దూరం, సంఖ్యల లెక్క కాదు. 74తో ఆగి లెక్కపెట్టి ఉంటే మాత్రం నేను మార్కు తగ్గించను. ఈసారి ‘25 నుంచి 75 దాకా 5తో భాగించబడేవి ఎన్ని?’ అని అడగండి. 75లో 15 ఐదులు, 25లో 5, కాబట్టి 10 అంటాడేమో. తీయవలసింది 24 దాకా ఉన్న 4 ఐదులనే. 25, 30, 35 అంటూ వేళ్లు ముడిపించండి. 70కే పది వేళ్లూ అయిపోతాయి, 75కి మీ వేలు అడుగుతాడు.