ఆదివారం విన్నది మంగళవారానికి మిగలాలంటే

పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ఈసారి ఒడిశాలోని గజపతి, రాయగడ, కొరాపుట్, గంజాం జిల్లాల తెలుగు సంఘాల నుంచి వచ్చిన ఉత్తరాలన్నీ ఒక్క సంగతి చుట్టూనే తిరిగాయి. వాక్యం చెప్పేవాళ్ళకు శిక్షణ ఉంది. వినేవాళ్ళకు ఎవరూ ఏమీ నేర్పరు. యేసు మాత్రం రెండూ అడిగాడు: ఏమి వింటున్నారో చూసుకోమని మార్కు 4:24లో, ఎలా వింటున్నారో చూసుకోమని లూకా 8:18లో.

ఆరాధనలో కూర్చున్నంతసేపూ వాక్యం మనసుకు తగులుతుంది. ఇంటికొచ్చి భోజనం చేసేసరికి అయ్యగారు ఏ అధ్యాయం చెప్పారో కూడా గుర్తుండదు. ఇది విశ్వాసలోపమా?
— ఒక సహోదరి, పర్లాకిమిడి

విశ్వాసలోపమని తొందరపడకండమ్మా. ముందు గింజ ఎక్కడ పోతోందో చూద్దాం. విత్తువాని ఉపమానం మన కొండవాలు పోడుల్లో చోళ్ళు, కందులు చల్లడం చూసినవాళ్ళకు ఇట్టే అర్థమవుతుంది. నారు నాటేవాళ్ళ మొక్క దారిమీద పడదు. వెదజల్లేవాళ్ళ గింజ దారిమీదా పడుతుంది, రాతిమీదా పడుతుంది, ముళ్ళలోనూ పడుతుంది. చల్లినవాడిలో లోపం లేదు, గింజలోనూ లేదు.

దారిమీద పడ్డదాన్ని పక్షులు వెంటనే తినేస్తాయి. ఇది నిమిషాల్లో జరిగే నష్టం. రాతినేలమీద పడ్డది అన్నిటికంటే ముందే మొలుస్తుంది, మన్ను లోతు లేదు కాబట్టి. అందుకే ఆదివారం కన్నీళ్ళు పెట్టుకోవడం లోతుకు గుర్తు కాదు, ఒక్కోసారి మన్ను పలచనైందనడానికే గుర్తు. ముళ్ళలోది నెలల తరబడి పెరిగి, ఈ జీవితపు చింతల కింద, డబ్బు ఆశ కింద నలిగిపోతుంది. మీరు చెప్పినది మొదటి నష్టం. ఆశీర్వాదం అవగానే ప్రకటనలు, గుమ్మం దగ్గర పెళ్ళి కబుర్లు, ఇంటికెళ్ళాక కూర ఏమిటన్న ఆలోచన. ఆ 20 నిమిషాలను కాపాడుకుంటే మీ సమస్య సగం తీరుతుంది.

పని శనివారం రాత్రే మొదలుపెట్టండి. లూథరన్, సి.ఎన్.ఐ. (చర్చ్ ఆఫ్ నార్త్ ఇండియా) సంఘాల్లో ఏ ఆదివారానికి ఏ పాఠాలో పట్టిక ముందే ఉంటుంది. బాప్టిస్టు సంఘాల్లో ఎక్కువగా కాపరిగారే ఎంచుకుంటారు కాబట్టి శనివారం సాయంత్రం ఫోన్ చేసి అడగండి, సంతోషంగా చెబుతారు. ఆ భాగాన్ని పైకి రెండుసార్లు చదవండి. 15 వచనాలైతే రెండుసార్లకూ కలిపి 5, 6 నిమిషాలు చాలు. తెలియని మాట కింద గీత పెట్టండి. మన పాత అనువాదంలోని మాటలు కొన్ని ఇప్పుడు వేరే అర్థంలో తిరుగుతున్నాయి. ఆదరణ అంటే నేడు సినిమాకు జనం రావడం, బైబిల్లో దుఃఖంలో ఉన్నవాణ్ణి ఓదార్చడం. సాత్వికులంటే ఉల్లి, వెల్లుల్లి మానేసినవాళ్ళు కారు, తగ్గి ఉండేవాళ్ళు. ఇవి ముందే తేల్చుకోకపోతే ప్రసంగమంతా వేరే దారిలో వింటాం.

వింటున్నప్పుడు నాలుగు సంగతులు రాసుకోండి, అంతకు మించొద్దు. ఏ భాగం, అది ఒక్క వాక్యంలో ఏం చెబుతోంది, నాకు అర్థం కానిదేమిటి, ఈ వారం నేను చేయవలసిందేమిటి. చివరిదానిలో రోజు, మనిషి పేరు ఉండాలి. ‘ఇంకా ఎక్కువ ప్రేమించాలి’ అని రాస్తే ఏమీ జరగదు. ‘బుధవారం తోటికోడలికి ఫోన్ చేయాలి’ అని రాస్తే బుధవారం వస్తుంది, ఫోన్ చేయాల్సి వస్తుంది. అద్దంలో ముఖం చూసుకుని వెళ్ళి తన రూపం మరిచేవాడని యాకోబు తన పత్రిక మొదటి అధ్యాయంలో చెప్పింది వినడంతో ఆగిపోయేవాడి గురించే.

అన్నీ రాసుకోవాలని చూస్తే చెవి ఆగిపోయి చెయ్యి మాత్రమే పనిచేస్తుంది, ఇది చాలామంది చేసే పొరపాటు. ఇంకో పొరపాటు, ప్రసంగంలోని కథ ఒక్కటే పట్టుకోవడం. కథ తీసేసి చెప్పగలరా అని మిమ్మల్ని మీరే అడగండి. చెప్పలేకపోతే కథ మిగిలింది గానీ వాక్యం మిగలలేదు.

ఆ తర్వాత, ఇంటికి నడుస్తూనే, అన్నానికి కూర్చునేలోపు, ఒకరికి 2 నిమిషాల్లో చెప్పండి. భర్తకో, పిల్లకో, పక్కింటావిడకో. మంగళవారం ఆ భాగాన్ని మళ్ళీ చదివి, కాగితం చూడకుండా గుర్తుచేసుకుని, అప్పుడు కాగితం చూడండి. మరిచిపోయింది ఆ చూపుతో గట్టిపడుతుంది.

మా సంఘానికి శ్రీకాకుళం వైపు నుంచి బోధకులు వస్తారు. వాళ్ళు తెలుగులో చెబితే నేను ఒడియాలోకి మారుస్తాను. వెనక కూర్చున్న సవర తెగ పెద్దలకు రెండూ సగం సగమే. అందరూ తలలూపుతారు గానీ ఏమీ అందడం లేదని నాకు తెలుస్తోంది.
— ఒక యువ సహోదరుడు, గునుపురం

తలలూపడాన్ని నమ్మనందుకు మీకు వందనాలు. మీ పని నెహెమ్యా 8వ అధ్యాయంలో ఉంది. తెల్లవారినది మొదలు మధ్యాహ్నం దాకా ఎజ్రా ధర్మశాస్త్రం చదివితే, జనానికి అర్థం చెప్పడానికి అక్కడ 13 మంది పేర్లు విడిగా రాశారు, వాళ్ళతో లేవీయులూ ఉన్నారు. చదివినవాడు ఒక్కడు, అర్థం చెప్పినవాళ్ళు అంతమంది. తర్జుమా చేసేవాడు పక్కన నిలబడే చిన్న సాయం కాదు, సగం ప్రసంగం అతనిదే.

ముందు బోధకుడితో మాట్లాడండి. అరగంట ప్రసంగమంటే ఆయన సిద్ధపడవలసింది 15 నిమిషాలకే. ఈ లెక్క చెప్పకపోతే ప్రసంగం గంట దాటుతుంది, ఆఖరి అరగంట ఎవరికీ చేరదు. భాగమూ, ఎత్తి చూపే వచనాలూ ముందురోజే ఇమ్మనండి. ఒక్కోసారి 10, 12 మాటలకు మించకుండా చెప్పి ఆగమనండి. తెలుగులో ‘వచ్చి, చూసి, అడిగి’ అంటూ గొలుసు సాగదీసి, చివర ‘చేయలేదు’ అనేస్తారు. అవునో కాదో చివరిదాకా తెలియదు. ముందే మొదలుపెట్టిన తర్జుమాదారు అక్కడే బోర్లాపడతాడు. క్రియ వచ్చేదాకా నోరు విప్పకండి.

వచనాన్ని మీరు అప్పటికప్పుడు ఒడియా చేయొద్దు, ఒడియా బైబిలు తెరిచి చదవండి. పుస్తకాల పేర్లు పక్క పక్కన రాసుకోండి. కీర్తనలు అక్కడ గీతసంహిత. సామెతలు హితోపదేశ, ఇది వినగానే మన తెలుగువాళ్ళకు నక్క, కాకి కథలు గుర్తొస్తాయి. నిర్గమకాండం జాత్రా పుస్తక, మనకది జాతరలా వినిపిస్తుంది.

వచనాల కంటే ఎక్కువ ముంచేవి రెండు భాషల్లోనూ ఉన్న ఒకే మాటలు. మన నీతిని అలాగే నీతి అంటే ఒడియా చెవికి గుడిలో జరిగే సేవల క్రమం, లేదా ప్రభుత్వ విధానం. ధార్మికతా అనాలి. సంఘాన్ని సంఘ అంటే ఏదో ఉద్యోగుల సంఘమవుతుంది. మండళీ అనాలి. రక్షణను రక్షా అంటే ప్రమాదం నుంచి కాపాడడం దగ్గరే ఆగుతుంది. పాపం నుంచి విడుదల అన్నది పరిత్రాణలో ఉంది. సువార్త అక్కడ సుసమాచార. ఇలాంటి 40 మాటలు ఒక నోటుపుస్తకంలో రాసుకుంటే రెండేళ్ళ ప్రసంగాలు గడుస్తాయి.

సవర పెద్దల సంగతి మాత్రం వేరు. తెలుగు, ఒడియా, ఆ తర్వాత సవర అని మూడో వరస పెట్టకండి, ఏ వాక్యమూ ఎవరి చెవిలోనూ నిలవదు. సవర భాషలో బైబిలు ఉంది. భాగాన్ని ముందు సవరలో చదివించండి. చివర వాళ్ళలోనే ఒకరు నిలబడి 10 నిమిషాలు తమ భాషలో విన్నది చెప్పాలి. అందరూ కూర్చునే ఉండాలి, లేచి వెళ్ళిపోకూడదు. పర్లాకిమిడిలో పనిచేసిన గిడుగు రామమూర్తి పంతులు సవర నేర్చుకుని, ఆ భాషకు 1931లో వ్యాకరణమూ 1938లో నిఘంటువూ వెలువరించారు. మనతో పక్కపక్కనే బతికే మనుషుల భాష నేర్చుకోదగినదని ఆయన చూపించిన నేల ఇది. ఆ భాష మన ఆరాధనలో చివరి బెంచీకే పరిమితమైతే మాకు బాధగా ఉంటుంది.

అందిందో లేదో తెలుసుకోవడానికి ‘అర్థమైందా?’ అని అడగకండి, మర్యాదకు అందరూ అవునంటారు. ‘పౌలు వాళ్ళను ఏం చేయమన్నాడు?’ అని అడగండి.

రోజూ వంట చేస్తూ ఫోన్లో నాలుగైదు సందేశాలు వింటాను. తప్పా?
— ఒక సహోదరి, జైపూర్ (కొరాపుట్ జిల్లా)

తప్పు కాదమ్మా, కానీ నాలుగు వద్దు. ఒక్కటే ఎంచుకుని, దాన్నే వారంలో రెండుసార్లు వినండి. రెండోసారి బైబిలు తెరిచి, పొయ్యి కట్టేసి. ఒకదాని మీద ఒకటి వింటే ఏదీ వేరు పట్టదు, ముళ్ళపొదలో గింజకు వెలుతురు అందనట్టే. చిన్న చిన్న ముక్కలుగా కోసిన వీడియోల్లో ముందు మాట, వెనక మాట ఉండవు కాబట్టి పూర్తి ప్రసంగమే వినండి. ఇంకొకటి, ఫోన్లో బోధకుణ్ణి మీరు ప్రశ్న అడగలేరు, మీ ఇంట్లో జ్వరమొస్తే ఆయన రాడు. మీ సంఘ కాపరికి బదులు ఆయన్ని పెట్టుకోవద్దు.

సభల్లో ఒక ప్రవక్తగారు నన్ను పేరు పెట్టి పిలిచి, మూడు నెలల్లో మా అబ్బాయికి ఉద్యోగమని చెప్పారు. విశ్వాసంతో 10,000 రూపాయలు విత్తనంగా, అంటే కానుకగా, వేయమన్నారు. కాదంటే దేవుణ్ణి కాదన్నట్టవుతుందేమోనని భయం.
— ఒక తండ్రి, బరంపురం

కాదు. పరీక్షించమని చెప్పింది వాక్యమే. ప్రవచనాలను తృణీకరించొద్దని చెప్పిన పౌలు, ఆ వెంటనే సమస్తాన్ని పరీక్షించి మేలైనదే పట్టుకోమన్నాడు, 1 థెస్సలొనీకయులు 5లో. 1 కొరింథీయులు 14:29 ప్రకారం ఇద్దరో ముగ్గురో ప్రవచిస్తే మిగతావాళ్ళు వివేచించాలి. వివేచించే మనుషులకు తావివ్వని సభ ఆ క్రమంలో లేదు.

ఆ రాత్రే ఆయన అన్న మాటలు ఉన్నవున్నట్టు రాయండి, తేదీ వేయండి. వారం రోజులు డబ్బు కదపకండి, అప్పు అసలే చేయకండి. కాపరినీ ఇద్దరు పెద్దలనూ కూర్చోబెట్టి చదివి వినిపించండి. చెప్పినది జరగకపోతే అది యెహోవా చెప్పింది కాదని ద్వితీయోపదేశకాండం 18 అంటుంది. జరిగినా సరే, మనిషిని దేవుడి నుంచి తప్పిస్తే వినొద్దని అదే పుస్తకం 13వ అధ్యాయం. చాలామంది మొదటిదే గుర్తుపెట్టుకుంటారు. ఇక డబ్బు సంగతి: సేనాపతి నయమాను కుష్ఠు బాగయ్యాక కానుక ఇవ్వబోతే ప్రవక్త ఎలీషా ముట్టలేదు. వెనకాల పరుగెత్తి తీసుకున్న ఎలీషా సేవకుడు గేహజీకి ఆ కుష్ఠే అంటింది, 2 రాజులు 5లో చదవండి. మీ పదివేలు అబ్బాయి చదువుకో, దరఖాస్తులకో పనికొస్తాయి. ఎవరైనా మందులు మానేయమంటే ఆ వారం గడువు కూడా అక్కర్లేదు, ఒప్పుకోకండి.

ప్రసంగం మొదలవగానే నిద్ర వస్తుంది. పాపమా?
— ఒక సహోదరుడు, ఛత్రపురం

అపొస్తలుల కార్యములు 20లో ఐతుకు అనే యువకుడు కిటికీలో కూర్చుని నిద్రపోయి మూడో అంతస్తు నుంచి పడ్డాడు. మేడగదిలో చాలా దీపాలున్నాయని, పౌలు అర్ధరాత్రి దాకా మాట్లాడాడని లూకా రాశాడు, ఐతుకును మాత్రం ఎక్కడా తిట్టలేదు. శనివారం రాత్రి 10 లోపు పడుకోండి, పొద్దున కడుపునిండా అన్నం తినకండి, గాలి ఆడే చోట, ముందు వరసలో కూర్చోండి. నిద్ర ముంచుకొస్తే వెనక్కి వెళ్ళి నిలబడండి. అయినా ప్రతివారం ఇంతే అయితే, పగలు కూడా కునుకు వస్తుంటే, డాక్టరుకు చూపించుకోండి.

మా అమ్మకు చదువు రాదు. బైబిలు చదవలేనని కుమిలిపోతుంది. ఆమె ఎలా ఎదగాలి?
— ఒక కూతురు, రాయగడ

ప్రకటన గ్రంథం 1:3 తీసి అమ్మకు వినిపించండి. చదివేవాడు అక్కడ ఏకవచనం, వినేవాళ్ళు బహువచనం, ధన్యత ఇద్దరికీ. కొలొస్సయులకు రాసిన పత్రికను సంఘంలో చదివి, లవొదికయ సంఘంలోనూ చదివించమన్నాడు పౌలు. ఆ పత్రికలు చాలామందికి చెవి ద్వారానే అందాయి.

రోజూ ఒకే భాగం, 8 నుంచి 10 వచనాలు, వారమంతా అదే చదవండి. మొదటి రోజు ఊరికే వినమనండి. మూడో రోజు మధ్యలో ఆగి ‘తర్వాత ఏమైందమ్మా?’ అనండి. ఆరో రోజు ఆమె చెబుతుంది, మీరు బైబిలు చూస్తూ వినండి. తప్పితే దిద్దకండి, ఆ వచనం మళ్ళీ చదవండి చాలు. చదువు రానివాళ్ళ జ్ఞాపకం తరచూ మనకంటే గట్టిది, దానికి పని ఇవ్వడం లేదంతే. పాటనూ వాడుకోండి. పర్లాకిమిడి ప్రాంతంలో 1803లో పుట్టిన పురుషోత్తమ చౌదరి రాసిన కీర్తనలు చదువు రాని ఎందరికో బోధను నోటికి తెచ్చాయి. అమ్మ ఏ కీర్తన పాడుతుందో చూసి, అందులోని ఒక్కో మాట వెనకున్న వాక్యాన్ని చదివి వినిపించండి. పాడుతున్నదేమిటో తెలిసిన రోజున ఆమె గొంతు మారుతుంది.

కాపరిగారు చెప్పినది వాక్యానికి సరిపోలేదనిపించింది. అడగవచ్చా?
— ఒక సంఘ పెద్ద, కాశీనగర్

అడగాలి. పౌలు బోధ విన్న బెరయ పట్టణంవారు ఆసక్తితో వాక్యాన్ని అంగీకరించారు, చెప్పినది నిజమేనా అని రోజూ లేఖనాలు వెతికారు కూడా, అపొస్తలుల కార్యములు 17:11లో రెండూ కలిసే ఉన్నాయి. ముందు మీరు ఆ అధ్యాయమంతా చదవండి, ఒక్క వచనం పట్టుకుని వెళ్ళకండి. ఆదివారం గుమ్మం దగ్గర, నలుగురి ముందు అడగొద్దు, అప్పటికి ఆయన అలసిపోయి ఉంటారు. ఆ తర్వాతి అధ్యాయంలో అకుల, ప్రిస్కిల్ల దంపతులు బోధకుడైన అపొల్లోను చేర్చుకుని, మార్గాన్ని మరింత పూర్తిగా విశదపరిచారు, సభలో లేచి నిలబడలేదు. సోమవారం కాకుండా మంగళవారమో బుధవారమో ఇంటికి వెళ్ళి, ‘అయ్యగారూ, 14వ వచనం దగ్గర మీరన్నది నాకు సరిగా అందలేదు, ఇంకోసారి చూద్దామా?’ అని ఆయన బైబిల్లోనే ఆ పేజీ తీయించండి.