ఆఫీసు పూలమడుల్లో రాని కలుపు మా మల్లెతోటలో ఎందుకు వస్తోంది?

ప్రశ్న: మాది రంగారెడ్డి జిల్లా. అర ఎకరంలో మల్లె వేశాను. హైదరాబాద్‌లో మా అబ్బాయి పనిచేసే ఆఫీసు దగ్గర పూలమడులు చూశాను, ఒక్క గడ్డిపోచ లేదు. మా తోటలో కూలీలను పెట్టి తీయించిన పది రోజులకే మళ్లీ పచ్చబడుతోంది. వాళ్లు ఏం మందు కొడుతున్నారో చెప్పగలరా? – ఒక రైతు

జవాబు: ఈసారి వెళ్లినప్పుడు ఆ మడిలో పరిచిన కొబ్బరి పొట్టునో చెక్క ముక్కలనో చేత్తో పక్కకు జరిపి చూడండి. సాధారణంగా మూడు నాలుగు అంగుళాలు తీస్తే గానీ మట్టి తగలదు. కొన్నిచోట్ల దాని కింద వీడ్ మ్యాట్, అంటే కలుపు రాకుండా పరిచే నల్లటి పట్టా కూడా ఉంటుంది. మొలవకముందు కొట్టే కలుపుమందులు వాడేవాళ్లూ ఉన్నారు కానీ, ఎక్కువ పని చేసేది ఆ పొర కింది చీకటే. గంగవాయిలి, అడవి తోటకూర గింజలు ఆవగింజ కంటే చిన్నవి. వెలుగు తగిలితేనే బాగా మొలుస్తాయి. చీకట్లో మొలిచినా, గింజలో ఉన్న కాస్త ఆహారంతో అంత మందం దాటి పైకి రాలేవు.

మట్టిలోనూ తేడా ఉంటుంది. మడుల్లో తరచుగా నింపేది లోతు నుంచి తవ్వి తెచ్చిన మట్టి. అందులో కలుపు గింజలు చాలా తక్కువ. డ్రిప్ నీళ్లు మొక్క మొదట్లోనే పడతాయి. తోటమాలి రోజూ తిరుగుతూ, కనిపించిన మొలకను పూత రాకముందే పీకేస్తాడు. ఆయన కష్టాన్ని తక్కువగా చూడకండి.

మీ తోటలో పారతో తిరగేసిన ప్రతిసారీ లోపలి గింజలు వెలుగులోకి వస్తాయి. సరిగా మాగని పశువుల ఎరువు తోలితే దాంతోపాటు కొత్త గింజలూ వస్తాయి. అయితే పది రోజులకే అంటున్నారు కాబట్టి నాకు తుంగ మీద అనుమానం. దాని పూకాడను రెండు వేళ్ల మధ్య తిప్పి చూడండి, మూడు పలకలు చేతికి తెలుస్తాయి. తుంగ అయితే పైన ఎంత కప్పినా ఆగదు. గడ్డలో ఉన్న బలంతో ప్లాస్టిక్ షీటును కూడా పొడుచుకుని వచ్చేస్తుంది. పైన కోస్తే లాభం లేదు, నల్లటి గడ్డలతో సహా తవ్వి, ఏరి, గట్టు అవతల ఎండబెట్టాలి. ఒక్క విడతలో పోదు, మొలక కనిపించినప్పుడల్లా తవ్వాల్సిందే.

మిగతా కలుపుకు మల్చింగ్, అంటే నేలను ఇలా కప్పి ఉంచడం చాలు. కొమ్మ కత్తిరింపులు అయ్యాక పైపైన కలుపు తీసి, ఒక తడి ఇచ్చి, వేరుశనగ పొట్టు గానీ వరిగడ్డి గానీ మూడు నాలుగు అంగుళాల మందాన పరచండి. మొదలుకు ఆనించవద్దు, నాలుగు అంగుళాలు వదలండి. చెదలు ఉన్న నేలైతే మధ్యమధ్యలో ఎత్తి చూస్తుండండి. అర ఎకరానికీ గడ్డి దొరకకపోతే పాదుల వరకైనా వేయండి. గ్లైఫోసేట్ అనే కలుపుమందు జోలికి మాత్రం వెళ్లవద్దు, తుంపర మల్లె ఆకు మీద పడితే మొక్క వేరుదాకా దెబ్బతింటుంది. గడ్డి కుళ్లి పలచబడుతుంది కాబట్టి తొలకరికి ముందు ఇంకో పొర వేసుకోండి.