అహ్మదాబాద్ క్రీడలకు చిత్తూరు మామిడి గుజ్జు అమ్మవచ్చా?

చిత్తూరులో చిన్న గుజ్జు ఫ్యాక్టరీ నడిపేవారు 2030 కామన్వెల్త్ క్రీడల కాంట్రాక్టు తమకు దొరుకుతుందా అని అడిగారు. దొరకవచ్చు, కానీ నేరుగా నిర్వాహకుల నుంచి ఆశించకండి. క్రీడాగ్రామంలో భోజనాల బాధ్యత సాధారణంగా పెద్ద క్యాటరింగ్ సంస్థలకు వెళ్తుంది. మీ సరుకు కొనేది వాళ్లే. 2012 లండన్ ఒలింపిక్స్‌కు ఇలాంటి ఉపకాంట్రాక్టులను చిన్న వ్యాపారుల కంట పడేలా ‘కంపీట్‌ఫర్’ అనే పోర్టల్ నడిపారు.

వంటశాలకు రెండు వందల కిలోల డ్రమ్ము అక్కరకు రాదు. తోతాపురి గుజ్జును 3.1 కిలోల టిన్నుల్లో ఇవ్వగలగాలి, ప్రతి బ్యాచ్‌కూ పురుగుమందుల అవశేషాల పరీక్ష నివేదిక చూపగలగాలి. నా దృష్టిలో ధరకన్నా ఇదే ముఖ్యం. చిన్న సంస్థలకు కేంద్రం ఇచ్చే ‘ఉద్యమ్’ నమోదు ఇప్పుడే చేయించుకోండి. కేంద్ర ప్రభుత్వ టెండర్లలో ఇలా నమోదైన సూక్ష్మ, చిన్న సంస్థలకు ధరావతు (టెండరుతో పాటు కట్టే డిపాజిట్) మినహాయింపు ఉంటుంది. క్రీడల లోగోను మాత్రం అనుమతి లేకుండా టిన్నుపై ముద్రించకండి.