చేతుల మీద మచ్చలు ఫొటోలో పడతాయని...

ప్రశ్న: మేడమ్, నాకు 28 ఏళ్ళు. కాలిఫోర్నియాలో, ఇర్వైన్‌లో ఉద్యోగం. అక్టోబరులో పెళ్ళి. ముహూర్తం గుడిలో. మర్నాడు రిసెప్షన్‌కి ముందు లాంగ్‌బీచ్‌లో ఉన్న పాత ఓడ క్వీన్ మేరీ మీద ఫొటోలు. చేతిలో ఉన్నది రెండున్నర గంటలే. కాబోయే మావారు పై డెక్ మీద ఎర్ర పొగగొట్టాల కింద అంటారు. అత్తగారు క్వీన్స్ సలాన్ అనే పెద్ద గదిలో గ్రూపు ఫొటోలంటారు. నాకేమో ప్రామినేడ్ డెక్ ఇష్టం. మా నాన్నగారు విశాఖ షిప్‌యార్డులో వెల్డరుగా చేసి రిటైరయ్యారు. మోకాళ్ళ నొప్పులు, మెట్లెక్కలేరు. పైగా ఓడ కనిపిస్తే చాలు, రివెట్లూ ప్లేట్లూ అంటూ మొదలుపెడతారు. అందుకని ఆయన్ని రిసెప్షన్ హాల్లోనే కూర్చోబెడదామనుకుంటున్నాను. ఆయన చేతుల మీద కాలిన మచ్చలు కనిపించకుండా రిసెప్షన్‌కి ఫుల్ హ్యాండ్స్ జోధ్‌పురి కూడా కొన్నాను. ఏ లొకేషన్లు ఎంచుకోవాలో తేలక టెన్షన్‌గా ఉంది. ఎవరి మాట వినాలి?
– ఒక సోదరి

జవాబు: అమ్మాయీ, లొకేషన్ల సంగతి ముందు తేల్చేద్దాం, అది చిన్నది. మా తమ్ముడింటికి వెళ్ళినప్పుడు నేనూ ఆ ఓడ ఎక్కాను. నువ్వన్న ప్రామినేడ్ డెక్ మంచిదే. పొడుగాటి చెక్క నేల, పక్కనంతా కిటికీలు, ముఖం మీద వెలుతురు మెత్తగా పడుతుంది. మీ అత్తగారి క్వీన్స్ సలాన్, ముందువైపు వంపు తిరిగిన కిటికీల అబ్జర్వేషన్ బార్ కూడా ఆ డెక్ మీదే ఉన్నాయి. మూడూ ఒకే అంతస్తు, గంటన్నరలో అయిపోతాయి. చివర్లో పది నిమిషాలు పైకెళ్ళి అబ్బాయి ముచ్చట తీర్చు. కంచిపట్టు కట్టుకుని ఆ ఇరుకు మెట్లు రెండుసార్లు ఎక్కించకు, అంతే.

ఇప్పుడు చెప్పు. అన్నీ ఒకే అంతస్తులో ఉన్నప్పుడు, ఆ అంతస్తుకి లిఫ్టు ఉన్నప్పుడు, మీ నాన్న మోకాళ్ళు ఎక్కడ అడ్డొచ్చాయి?

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మీ అత్తగారు మీ నాన్నని ఒక్క మాట అన్నట్టు ఎక్కడా లేదు. అబ్బాయీ అనలేదు. ఆయన చేతులు కప్పాలనుకున్నది నువ్వు, హాల్లో కూర్చోబెట్టాలనుకున్నది నువ్వు. వియ్యాలవారు ఏమనుకుంటారో అని ముందే ఊహించుకుని, వాళ్ళ తరఫున నువ్వే సిగ్గుపడుతున్నావు. నాకు కోపం వచ్చింది, దాచను.

నువ్వు ఫొటో బ్యాక్‌గ్రౌండ్‌గా చూస్తున్న ఆ ఓడ ఏమిటో మీ నాన్నకి నీకంటే బాగా తెలుసు. స్కాట్లండ్‌లో క్లైడ్‌బ్యాంక్ అనే ఊళ్ళో కట్టారు. 1931 డిసెంబరులో డబ్బుల్లేక పని ఆగిపోయింది. అప్పటికి దానికి పేరు కూడా లేదు, 534 అనే నంబరే. వేలమంది పనివాళ్ళు ఇంటికెళ్ళిపోయారు, సగం కట్టిన ఓడ రెండేళ్ళకు పైగా ఊరి నెత్తిన తుప్పు పట్టింది. 1934లో మళ్ళీ పిలిచారు. 1936లో తొలి ప్రయాణం. యుద్ధకాలంలో, 1943లో ఒక్క ట్రిప్పులో పదహారు వేల పైచిలుకు మందిని మోసింది. వెయ్యి అడుగులు దాటిన ఆ ఒంటిని పట్టి ఉంచినవి మీ నాన్న మొదలుపెడితే ఆపరన్నావే, ఆ రివెట్లే. కోటి దాకా ఉంటాయంటారు. రంగు కింద వరసగా గుండీల్లా చేతికి తగులుతాయి. నేను తడిమి చూశాను, ఎందుకలా కొట్టారో చెప్పేవాళ్ళు పక్కన లేకపోయారు. నీకున్నారు. నువ్వాయన్ని హాల్లో కూర్చోబెడతానంటున్నావు!

వెల్డింగ్ రవ్వలు పడి కాలిన చేతులు నేనెరుగుదును, మా ఇంటి పక్కన అలాంటాయన ఉండేవాడు. చిన్న చిన్న తెల్లమచ్చలు, మోచేతి దాకా. నీ ఇంజినీరింగ్ ఫీజు, వీసా ఖర్చు, ఆ టికెట్టు ఏ ఓవర్‌టైమ్‌లోంచి వచ్చాయో నేను నీకు లెక్క చెప్పక్కర్లేదు. ముందురోజు గుడిలో అల్లుడి కాళ్ళు కడిగేది ఆ చేతులే. పురోహితుడు చొక్కా చేతులు మడవమన్నప్పుడు అందరికీ కనబడేవి ఆ మచ్చలే. మర్నాటికి కోటు వేసి దాస్తే ఏమొస్తుంది?

ఆ జోధ్‌పురి ఆయనకి నచ్చితే వేసుకుంటారు. ఎందుకు కొన్నావో మాత్రం చెప్పకు, ఆ మాట ఆయన జన్మలో మర్చిపోరు. బహుశా ఇప్పటికే గ్రహించి ఉంటారు. కూతుళ్ళు కొన్న బట్టల్లో ఏముందో తండ్రులకి తెలుస్తుంది.

ఈ రాత్రే ఫోన్ చెయ్యి. అక్కడ పొద్దున్న అవుతుంది, కాఫీ తాగుతూ ఉంటారు. పెళ్ళి పనుల మాటలొద్దు. "నాన్నా, ఆ ఓడ నీకు తెలుసా, ఎలా కట్టారు?" అని అడుగు. ఎంతసేపు చెబితే అంతసేపు విను, మధ్యలో మెసేజ్‌లు చూడకు. తరవాత ఫొటోగ్రాఫర్‌కి ఇచ్చే లిస్టులో మొదటి అరగంట నాన్నా, నువ్వూ అని రాయి. అబ్బాయినీ వెంట పంపించు, మామగారు చెప్పేది వింటాడు. వినకపోతే ఆ సంగతి పెళ్ళికి ముందే తెలుస్తుంది.

ఆ పై డెక్ మీద సాయంత్రం గాలి గట్టిగా ఉంటుంది. కుచ్చిళ్ళకి పిన్నులు ఎక్కువ పట్టుకెళ్ళు.